ఎదురొచ్చే బిందె

హనుమక్క ఇత్తడి బిందెను ఒకసారి చింతపండుతో, ఒకసారి బూడిదతో తోమి, మూడోసారి మళ్ళీ చింతపండు పట్టించింది. ఏప్రిల్ నెల, అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వాకిట్లో రాయి మీద కూర్చుని బిందెను ఒళ్ళోకి తీసుకుని, మెడ కింద ఉన్న సొట్టలోకి కొబ్బరిపీచు దూర్చి ఓపికగా రుద్దుతోంది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చిన బిందె అది. ముప్పై తొమ్మిదేళ్ళయింది. చంకన పెట్టుకుంటే ఆ సొట్ట సరిగ్గా ఆమె నడుము ఎముక మీద వచ్చి కూర్చుంటుంది. రోజూ నీళ్ళకు వాడేవి ప్లాస్టిక్ బిందెలు. ఇది ఐదేళ్ళకొకసారి, ఎన్నికలప్పుడు మాత్రం అటక దిగుతుంది.

ఎర్రబండపల్లి బాగేపల్లికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, చింతామణి రోడ్డును ఆనుకుని ఉన్న ఊరు. నూటపది ఇళ్ళు, ఒక ప్రభుత్వ బడి, ఒక బస్ షెల్టరు. ఆ బడిలో మధ్యాహ్నం పిల్లలకు బిసియూట, అంటే బడి భోజనం, వండడం హనుమక్క పని. పదహారేళ్ళుగా అదే గంటె, అదే పొయ్యి. వేసవి సెలవుల్లో పని లేదు, జీతం కూడా లేదు. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండేది కాదు, ఎమ్మెల్యే ఆంజనేయప్ప జీపుకు ఒకనాడు ఎదురుపడకపోయి ఉంటే.

ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట అది. ఆంజనేయప్ప అప్పటికి ఎమ్మెల్యే కాదు. శెనక్కాయల వ్యాపారం చేసుకుంటూ తాలూకా పంచాయతీ మెంబరైన మనిషి. మొదటిసారి టికెట్టు దొరికి, ఎవరిదో జీపు అడిగి తీసుకుని నామినేషను వేయడానికి బాగేపల్లి తాలూకాఫీసుకు పోతున్నాడు. ఎర్రబండపల్లిలో బోరింగు పాడై వారమైంది. హనుమక్క రోడ్డవతలి తోటలో నీళ్ళు పట్టుకుని, నిండు బిందె చంకన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. జీపులో ఎవరో ఆపమని కేక వేశారు. ఆంజనేయప్ప దిగి, ఆమె ముందు చేతులు జోడించి, జేబులోంచి రూపాయి తీసి బిందెలో వేశాడు. తాగే నీళ్ళలో డబ్బులు వేస్తారా అని హనుమక్క కోప్పడింది. అందరూ నవ్వారు. ఇంత దూరం నీళ్ళకు రావలసిన ఖర్మ ఏమిటని ఆయన అడిగి, తాను గెలిస్తే ఆమె ఇంటి ముందు కుళాయి పెట్టిస్తానని మాట ఇచ్చాడు. మూడువందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు.

రెండోసారి ఆయన మనుషులు చీర తీసుకుని వెతుక్కుంటూ వచ్చారు. ఆమె అదే బిందెతో ఎదురు వెళ్ళింది, ఆయన మళ్ళీ గెలిచాడు. మూడోసారి చింతామణిలో ఎవరో జోస్యుడు తూర్పు దారిన పొమ్మంటే ఎర్రబండపల్లి తాకకుండా చుట్టుదారిలో పోయాడు. నాలుగువేల ఓట్లతో ఓడాడు. ఇంక ఆ తర్వాత హనుమక్క బిందె లేకుండా నామినేషను వేయమని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాలుగోసారి గెలిచాడు, ఐదోసారి గెలిచాడు. రెండోసారి గెలిచాక ఊళ్ళోకి పైపు వచ్చింది. నాలుగోసారి గెలిచాక ఇంటి ముందు సిమెంటు గట్టు, దాని మీద కుళాయి వచ్చాయి. నీళ్ళు ఇంకా రావాలి. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. ఈసారి అది కూడా నిన్న రావలసింది, రాలేదు.

లోపల మునిశామప్ప దగ్గాడు. హనుమక్క చేతులు కడుక్కోకుండానే లేచి వెళ్ళింది.

ఆమె భర్త నలభై రోజులుగా మంచం మీద ఉన్నాడు. సగం బతుకు మెట్ట చేనులోనూ సగం కంకర మిషన్ల దగ్గరా గడిపిన మనిషి. చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో ఫొటో తీసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందని, ఇంక ఇంటి దగ్గరే చూసుకోమని చెప్పి పంపించారు. పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టుకునేట్టు ఉన్నాయి. నోరు మాత్రం తగ్గలేదు.

వయసులో ఉన్నప్పుడు ఎర్రజెండా పట్టుకుని తాలూకాఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నవాడు మునిశామప్ప. ఆంజనేయప్పకు జన్మలో ఓటు వేయలేదు. పెళ్ళాం బిందె ఎత్తుకుని ఎదురుపోతుంటే ఒక్కసారైనా అడ్డం చెప్పలేదు గానీ, ఎగతాళి చేయకుండా ఒక్కసారీ ఊరుకోలేదు. ఓట్ల రోజు సాయంత్రం వేలి మీది సిరా చూపించి, నీ బిందె ఒక పక్క, నా ఓటు ఒక పక్క, ఇంట్లో న్యాయం జరిగిపోయింది అనేవాడు.

హనుమక్క అతని తల ఎత్తి రెండు గుక్కల నీళ్ళు తాపింది. తాను ఈరోజు పోనంది.

“పో” అన్నాడు మునిశామప్ప. “నేనేమన్నా లేచి యాడికన్నా పరిగెత్తుతానా?”

“నిన్నిట్ల పెట్టుకుని నగలు తగిలించుకుని రోడ్డు మీద నిలబడేకి నాకు బుద్ధి పుట్టలేదప్పా.”

అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “ఇంకెన్ని దినాలు ఎదురొస్తావు నువ్వు? నేనుండంగానే పోయిరా. నేను పోయినాక ఎవడూ పిలవడు” అన్నాడు. ఆ మాట అనేశాక తనకే బాగాలేదేమో, వెంటనే నవ్వబోయాడు. “ఈసారి నా ఓటు పడేట్టు లేదు. మీ అన్నకి చెప్పు, ఒకటి తగ్గిందని.”

హనుమక్క నవ్వలేదు. అతను చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. ఎమ్మెల్యేదాకా ఎందుకు, ఊళ్ళో టమాటా లోడుతో చింతామణి మార్కెట్టుకు బయల్దేరేవాడు, పిల్లను చూడ్డానికి పోయేవాళ్ళు, పరీక్షకు పోయే పిల్లలు అందరూ ఆమె గడప ముందు ఆగి, హనుమక్కా ఒకసారి ఎదురు రా అని పిలుస్తారు. ఆమె చేతిలో పని వదిలేసి, చెంబు నిండా నీళ్ళు తీసుకుని, నాలుగడుగులు ఎదురు నడుస్తుంది. చదువు లేదు, ఆస్తి లేదు, అందం ఉందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. కానీ తను కనబడితే నలుగురికి మంచి జరుగుతుందని ఊరు నమ్మింది. ఆ నమ్మకం ఆమెకు ఎంత ఇష్టమో మునిశామప్పకు ఒక్కడికే తెలుసు. మంచం మీది మనిషి పోతే అతనితోపాటు అది కూడా పోతుందని, అప్పుడు ఎవరైనా బయల్దేరుతుంటే తనే పక్కకు తప్పుకోవాలని ఆమె ఈ నలభై రోజుల్లో చాలాసార్లు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడింది.

తొమ్మిదిన్నరకు నాగేశ్ వచ్చాడు. ఆ పక్క నాలుగు ఊళ్ళలో ఎమ్మెల్యే పనులన్నీ చక్కబెట్టే మనిషి. చేతిలో ఆకుపచ్చ పట్టుచీర ఉన్న సంచి. గడప దాటలేదు. అక్కడినుంచే మెడ సాచి మంచం వైపు చూసి, ఆమెను కుళాయి గట్టు దగ్గరికి పిలిచాడు. అన్న దగ్గర జబ్బు మాట ఎత్తొద్దని, శకునం వేళ అట్లాంటివి వినకూడదని చెప్పాడు. కోడలు శశికళకు అంగనవాడీలో సహాయకి ఉద్యోగం సంగతి మాత్రం తప్పకుండా అడగమన్నాడు, బిందె దగ్గర అన్న ఏదీ కాదనడని.

ఆ ఉద్యోగం కోసం ఇంట్లో రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. కొడుకు రవీంద్ర టెంపో కిరాయిలతో ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఆ పని దొరికితే శశికళకు నెల జీతం, తర్వాత పింఛను.

నాగేశ్ పోబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. “అక్కా, పదకొండు దాకా ఏం కాదు కదా?”

“ఆయప్పనే అడుగు పో” అంది హనుమక్క.

ఇంట్లో ఒకటిన్నర బిందెల నీళ్ళు మిగిలి ఉన్నాయి. వెలితి బిందె ఎదురు రాకూడదు. ఇత్తడి బిందెను అంచుదాకా నింపేసరికి వంటింట్లో రెండు చెంబుల నీళ్ళు మిగిలాయి. వాటిని మామకు దాచమని, పదింటికి గంజి తాపమని శశికళకు చెప్పింది. చీర కట్టుకుంది. చేతులకు ఆకుపచ్చ గాజులు, నుదుట పెద్ద బొట్టు. బయల్దేరే ముందు మంచం దగ్గర నిలబడింది. మునిశామప్ప కళ్ళు తెరిచి పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ మూసుకున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఆమె ఎదురుచూసింది. ఏమీ అనలేదు.

బస్ షెల్టరు దగ్గర ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నాగేశ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అన్న ఇల్లు కదిలాడు, దేవళం దగ్గర ఆగాడు, మళ్ళీ కదిలాడు. హనుమక్క బిందె చంకన పెట్టుకుని షెల్టరు నీడలో నిలబడింది. కింద దించితే మళ్ళీ ఎత్తేటప్పుడు తొణుకుతుందని దించలేదు. ముప్పైనాలుగేళ్ళ వయసులో బరువనిపించని బిందె యాభై ఎనిమిదిలో నడుమును వంచేస్తోంది. రెండు నీళ్ళ ట్యాంకర్లు ముందు ఆంజనేయప్ప ఫొటో కట్టుకుని బాగేపల్లి వైపు పోయాయి. ఒకటి ఎర్రబండపల్లికి వచ్చే ట్యాంకరే. ఆమె దాన్ని గుర్తుపట్టి నాగేశ్ వైపు చూసింది. ఊరేగింపుకు పదివేల మంది వస్తున్నారని, వాళ్ళకు తాగడానికని నాగేశ్ చెప్పాడు.

పదీ నలభైకి మోటారుసైకిళ్ళు వచ్చాయి, వాటి వెనక జెండాలు, వాటి వెనక తెల్ల కార్లు. నాగేశ్ చెయ్యి ఊపాడు. హనుమక్క రోడ్డు ఎక్కి ఎదురు నడిచింది. కారు ఆగింది, పాటల మైకు ఆగింది, అంతమంది జనం ఒక్క ఆడమనిషి కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఐదేళ్ళకొకసారి, అర నిమిషం. ఆ అర నిమిషం ఆమెకు సంతోషంగా ఉంది. ఇంట్లో మంచం గుర్తున్నా సంతోషంగానే ఉంది.

ఆంజనేయప్ప కారు తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి. జుట్టు నల్లగా ఉంది, కనుబొమలు తెల్లగా ఉన్నాయి. చెప్పులు విడిచి, చేతులు జోడించి, పక్కవాడు అందించిన రూపాయిని బిందెలో వేశాడు.

“ఏమ్మా హనుమక్కా, బాగుండావా? ఇంటాయప్ప బాగుండాడా?”

ఇన్నేళ్ళలో ఆయన మునిశామప్ప సంగతి అడగడం ఇదే మొదలు. నాగేశ్ కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి.

“బాగుండాడన్నా” అంది హనుమక్క.

తర్వాత శశికళ ఉద్యోగం మాట అడిగింది. గెలిచిన వెంటనే మొదటి సంతకం అదేనని ఆయన చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కారు కదిలింది, పాట మొదలైంది, దుమ్ము లేచింది. ఆమె నీళ్ళలో దుమ్ము పడకుండా బిందె మూతికి కొంగు కప్పింది.

ఎదురొచ్చిన నీళ్ళను చెట్టుకు పోయాలంటారు. ఎర్రబండపల్లిలో అట్లా పారబోసే నీళ్ళు ఎప్పుడూ లేవు. ప్రతిసారీ లాగే ఆమె బిందె మోసుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికి పోయాక మునిశామప్పకు ఏం చెప్పాలో కూడా అనుకుంది. ఆంజనేయప్ప కనుబొమలకు రంగు వేసుకోవడం మర్చిపోయాడని చెప్తే నవ్వుతాడు.

శశికళ గడపలో కూర్చుని ఉంది. గట్టిగా ఏడవడం లేదు, రోడ్డు దాకా వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అత్తను చూడగానే లేచింది.

“పది గంటలకి గంజి తాపుదామని పోయినా అత్తా. అప్పుటికే...” అంది.

హనుమక్క బిందెను గడప పక్కన నేల మీద నెమ్మదిగా దించింది, ఒక్క చుక్క తొణకకుండా. లోపలికి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. అతని కళ్ళు మూసే ఉన్నాయి, పొద్దున చివరిసారి మూసుకున్నట్టే. పదీ నలభైకి నడిరోడ్డు మీద అంతమంది ముందు నిలబడి, బాగుండాడని చెప్పింది. అప్పటికే అతను లేడు. దానికి అతను ఏమనేవాడో వినాలని, అలవాటు కొద్దీ ఆమె కాసేపు కాచుకుంది. ఆ ఇంట్లో ఇంక ఎవరూ ఆమెను ఎగతాళి చేయరని అర్థమయ్యాక ఏడ్చింది.

చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. మునిశామప్ప అక్క తిమ్మక్క వచ్చి పనులు చేతిలోకి తీసుకుంది. చింతామణి మార్కెట్టులో ఉన్న రవీంద్రకు ఫోను చేయించింది. స్నానం చేయించాలంటే నీళ్ళు లేవు. ట్యాంకరు ఊరేగింపులో ఉంది. ఏ ఇంట్లో చూసినా అడుగునున్న నీళ్ళే. తిమ్మక్క చూపు ఇత్తడి బిందె మీద పడింది, వెంటనే పక్కకు తిప్పుకుంది.

“అవి ఉండాయి కదా, పొయ్యండి” అంది హనుమక్క.

“ఎదురొచ్చిన నీళ్ళు కదమ్మా అవి.”

“మనింటి నీళ్ళే వదినా. మొదటినుంచీ మనింటికే తెచ్చుకుంటాండా.”

పోశారు. బిందె వంచినప్పుడల్లా అడుగున రూపాయి గలగలమంది. ఒళ్ళు తుడిచి, విభూతి పెట్టాక, నుదుటి మీద అతికించడానికి తిమ్మక్క రూపాయి బిళ్ళ అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఫోనులోనే ఇచ్చిపుచ్చుకుంటున్నారు, రూపాయి బిళ్ళ ఎవరి కొంగులోనూ లేదు. హనుమక్క లేచి, బిందెలో చెయ్యి పెట్టి ఆంజనేయప్ప వేసిన రూపాయి తీసింది. దాన్ని పసుపుతో మునిశామప్ప నుదుట తనే అతికించింది. జన్మంతా ఆయనకు ఓటు వేయని మనిషి. ప్రాణం ఉంటే ఆ రూపాయిని వీధిలోకి విసిరికొట్టి ఉండేవాడు. ఆ మాట అనుకోగానే ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వు వెనకే మళ్ళీ ఏడుపు.

రవీంద్ర ఖాళీ క్రేట్లతో టెంపో వేసుకుని వచ్చాడు. మూడు గంటలకు నాగేశ్ బంతిపూల హారం పట్టుకుని వచ్చాడు. హారం వేసి, దండం పెట్టి, రవీంద్ర భుజం తట్టి, తర్వాత హనుమక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అన్నకు ఎవరో అప్పుడే ఫోను చేశారని, అన్న చాలా కలవరపడుతున్నాడని చెప్పాడు.

“ఎన్ని గంటలకి పోయినాడక్కా?”

శశికళ తలెత్తి అత్త వైపు చూసింది.

“ఎన్ని గంటలకి పోయింటే నీకు బాగుంటాది నాగేశా?” అంది హనుమక్క. గొంతులో కోపం లేదు.

నాగేశ్ తడబడ్డాడు. “పన్నెండు దాటినాక అంటే అందరికీ మంచిది. శశికళకి కూడా” అన్నాడు.

హనుమక్క భర్త నుదుటి మీది రూపాయిని చూసింది. ఏ మాట అంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. కోడలి ఉద్యోగం ఆ ఒక్క మాట మీద ఉంది. అవతల మునిశామప్ప చివరి ఘడియ ఉంది, అతను ఎవరూ పక్కన లేకుండా ఒంటరిగా దాటిన ఘడియ. దాన్ని కూడా ఇంకొకరి వీలును బట్టి జరపడానికి ఆమెకు మనసొప్పలేదు.

“పదికి. నేను రోడ్డెక్కినప్పుడు లేడు” అంది. “పొద్దున ఒకసారి అబద్ధం చెప్పినా. చాలు.”

శశికళ తల దించుకుంది. నాగేశ్ పెద్దగా నిట్టూర్చాడు. నిజం చెప్పాలంటే అతనికి కోపం రాలేదు, ఇక ఏం చేయాలన్న గాబరా తప్ప. నామినేషనుకు రేపు సాయంత్రం వరకు గడువుందని, రేపు పొద్దున అన్న ఇంకో సెట్టు పత్రాలు వేస్తాడని చెప్పాడు. ఆఖరికి గడప వైపు చూస్తూ అన్నాడు.

“బిందె ఒక దినం ఇయ్యి అక్కా. బిందె మాత్రం ఇదే ఉండాలంటాండాడు అన్న. ఎత్తుకునేది ఎవరైనా ఫరవాలేదంట.”

ఆ మాట హనుమక్కకు సూటిగా తగిలింది. ఇరవై నాలుగేళ్ళుగా వాళ్ళు కారు ఆపింది తనను చూసి అనుకుంది. మునిశామప్పకు ఇది ముందే తెలిసి ఉంటుందని, తెలిసీ తన సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఎగతాళితో సరిపెట్టాడని ఇప్పుడు అనిపించింది.

“తీసకపో” అంది.

నాగేశ్ బతికిపోయినట్టు లేచాడు. బిందె ఎత్తుకుని వాకిట్లోకి నాలుగడుగులు వేశాడు. లోపల తడి కనబడినట్టుంది, వంచి చూసి వెనక్కి తిరిగాడు.

“కొంచెం కడిగి ఇస్తావా అక్కా?”

“నీళ్ళు లేవు నాగేశా. ఉన్న నీళ్ళు ఆయప్పకి పోసేస్తిమి. ఆ బిందెతోనే.”

నాగేశ్ బిందెను అట్లాగే ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న కుళాయి గట్టు మీద పెట్టాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ వస్తానని ఎవరికీ కాకుండా చెప్పి బండి స్టార్టు చేసుకుని పోయాడు.

ఐదు గంటలకు మునిశామప్పను రవీంద్ర టెంపోలోనే మెట్ట చేనికి తీసుకుపోయారు. ఆడవాళ్ళు రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోయారు. బస్ షెల్టరు గోడకు అతికించిన ఆంజనేయప్ప కొత్త పోస్టరు ఎండకు ఒక మూల లేచి ఉంది. టెంపో మలుపు తిరిగేదాకా హనుమక్క చూసింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి నడుము మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రేపటి పరీక్షకు బయల్దేరిన పిల్ల ఒకతి సంచీ భుజాన వేసుకుని ఎదురైంది. హనుమక్క దారి పక్కకు తప్పుకుంది. ఆ పిల్ల ఆమెను చూసి నిలబడి, ఏం చేయాలో తోచక, తల వంచుకుని పోయింది.

ఇంటి ముందు కుళాయి నోరు తెరుచుకుని ఉంది. దాని కింద సిమెంటు గట్టు మీద, నాగేశ్ పెట్టిపోయిన చోటే, సొట్ట వీధివైపు తిరిగి ఇత్తడి బిందె ఖాళీగా ఉంది.